గెలాక్సీల గుంపుల్లోంచి న్యూట్రినో బరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో మా ఇంటి మేడ మీదికి సాయంత్రాలు కొందరు ఫిజిక్స్ పిల్లలు వస్తుంటారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు కొందరు, పర్లాకిమిడి నుంచి వచ్చి ఇక్కడే గది తీసుకున్నవాళ్లు కొందరు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పుస్తకమేమో ఇంగ్లీషు. దాంతో ఒకే సందేహం మూడు భాషల్లో మూడుసార్లు నా దగ్గరికొస్తుంది. 2024 ఏప్రిల్‌లో గెలాక్సీల పటం గీసే డెసి సర్వే మొదటి ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఈ న్యూట్రినో బరువు గోల మరీ ఎక్కువైంది. న్యూట్రినో అంటే కంటికి కనబడకుండా దేనిలోంచైనా దూసుకుపోయే అతి తేలిక కణం. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నా. ఏది కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## ముందు న్యూట్రినో సంగతి

న్యూట్రినోకి బరువుందని నోబెల్ కూడా ఇచ్చారు కదా, మరి ఎంతో ఎందుకు చెప్పరు?

ఆ నోబెల్ వచ్చింది బరువు తూచినందుకు కాదండీ. న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిపోతాయని జపాన్‌లో సూపర్ కామియోకాండే 1998లో చూపించింది, సూర్యుడి నుంచి వచ్చేవీ అలాగే మారుతున్నాయని కెనడాలోని సడ్బరీ ప్రయోగం 2001, 2002ల్లో తేల్చింది. ఆ రెండింటికీ కలిపి తకాకి కజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో బహుమతి వచ్చింది. అలా మారాలంటే మూడు రకాల న్యూట్రినోల బరువులూ వేరువేరుగా ఉండి తీరాలి. కానీ ఆ మార్పు వేగం నుంచి దొరికేది బరువుల వర్గాల (స్క్వేర్‌ల) మధ్య తేడా మాత్రమే. ముగ్గురన్నదమ్ముల్లో ఎవరు ఎవరికంటే ఎన్నేళ్లు పెద్దో తెలిసి, అసలు ఒక్కడి పుట్టిన తేదీ కూడా తెలీకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే కరెంటుకి సంబంధించింది కదా మాస్టారూ, దాంతో బరువేంటి?

ఒక వోల్ట్ తేడాలో ఎలక్ట్రాన్ పరిగెత్తితే దానికొచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్ట్. శక్తిని కాంతి వేగం వర్గంతో భాగిస్తే ద్రవ్యరాశి వస్తుంది కాబట్టి కణాల వాళ్లు బరువునీ అందులోనే చెప్పేస్తారు. ఎలక్ట్రాన్ 5,11,000 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. మనం మాట్లాడుకునే న్యూట్రినోలు మూడూ కలిపి ఒకటిలో పదో వంతు కూడా లేకపోవచ్చు. అన్నట్టు, పరీక్షలో ‘ద్రవ్యరాశి’ అని రాయండి, ఇక్కడ నేను అలవాటుగా బరువు అంటున్నా.

0.06, 0.10 అని రెండు సంఖ్యలు ప్రతిచోటా కనిపిస్తాయి. ఎక్కడివవి?

కాగితం మీద అర నిమిషం లెక్క. వర్గాల తేడాలు రెండు తెలుసు: ఒకటి సుమారు 0.000075, ఇంకోటి సుమారు 0.0025. అన్నిటికంటే తేలికదాని బరువు సున్నా అనుకోండి. రెండు తేలికవి, ఒక బరువైనది అనే క్రమమైతే (దీన్ని నార్మల్ అంటారు) మిగతా రెండూ వర్గమూలాలు తీస్తే 0.009, 0.05 వస్తాయి, మొత్తం 0.06 దగ్గర ఆగుతుంది. రెండు బరువైనవి, ఒక తేలికది అయితే (ఇన్వర్టెడ్) 0.05, 0.05 కలిపి 0.10. అంటే మొత్తం బరువు 0.06 కంటే తగ్గడానికి వీల్లేదు, ఇన్వర్టెడ్ అయితే 0.10 కంటే తగ్గడానికి వీల్లేదు. పైకి ఎంతైనా వెళ్లొచ్చు. గెలాక్సీల వాళ్లు పైనుంచి పట్టుకుని కిందికి తోసుకొస్తున్నది ఈ మొత్తాన్నే, ఒక్కో న్యూట్రినోని కాదు.

ల్యాబ్‌లోనే తూచేస్తే పోయేదానికి ఆకాశం దాకా ఎందుకు?

తూస్తున్నారు. జర్మనీలో కార్ల్స్‌రూహేలో కాట్రిన్ అనే ప్రయోగం ఉంది. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) విచ్ఛిన్నమైనప్పుడు న్యూట్రినోతో పాటు బయటికొచ్చే ఎలక్ట్రాన్లలో గరిష్ఠ శక్తి ఉన్నవాటిని, ఆ కొసన ఉన్న కొన్నింటిని పట్టుకుని చూస్తారు. న్యూట్రినోకి బరువుంటే ఆ మేరకు ఎలక్ట్రాన్‌కి కోత పడుతుంది. 2025లో ప్రచురించిన వాళ్ల హద్దు 0.45 ఎలక్ట్రాన్ వోల్ట్. కావాల్సిందేమో అందులో పదో వంతు. ఇంత చేయడానికే 200 టన్నుల స్పెక్ట్రోమీటర్ కావాల్సి వచ్చింది. అది తయారైన ఊరు 400 కిలోమీటర్ల దూరమే, కానీ రోడ్డు మీద పట్టక 2006లో డాన్యూబ్ నదిలో దింపి నల్లసముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి రైన్ నదిలోంచి దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. నాకు ఆ ఫిజిక్స్ కంటే ఈ ప్రయాణమే ఎక్కువ గుర్తుండిపోయింది. ఒక్క మంచి మాట చెప్పుకోవాలి: కాట్రిన్ హద్దుకి విశ్వం గురించి ఏ ఊహా అక్కర్లేదు.

ఇప్పుడు నా ఒంట్లోంచి కూడా వెళ్తున్నాయా?

వెళ్తున్నాయి. సూర్యుడి నుంచి వచ్చేవే మీ బొటనవేలి గోరంత జాగాలోంచి సెకనుకి ఆరు వేల కోట్లకు పైగా. రాత్రిళ్లు భూమిని దాటుకుని కింది నుంచి వస్తాయి, అంతే తేడా. ఏమీ కాదు, నిద్రపోండి.

## గెలాక్సీలకీ దీనికీ సంబంధం

కనబడని కణం ఇక్కడ, గెలాక్సీలు అక్కడెక్కడో. ఎలా ముడిపెడతారు?

ఠాకురాణి యాత్ర చూసినవాళ్లకి ఇది తేలిక. రెండేళ్లకోసారి చైత్రంలో బరంపురం వీధులు రాత్రంతా నిండిపోతాయి కదా, అప్పుడు మేడ మీంచి కిందికి చూడండి. మిఠాయి కొట్టు దగ్గర పదిమంది ఆగుతారు. పదిమంది ఆగారని ఇంకో ఇరవైమంది ఆగుతారు. పులివేషం వాడి చుట్టూ ఇంకో గుంపు. కానీ పదేళ్ల కుర్రకారు ఉంటారు చూడండి, వాళ్లు ఆ గుంపులో దూరి, పెద్దవాళ్ల మోచేతుల కిందనుంచి అవతలికి బయటపడి, అదే ఊపులో ఇంకో గుంపులోకి పోతారు. ఎక్కడా నిలవరు. వీధిలో జనాన్ని లెక్కపెడితే వాళ్లూ లెక్కే, దారి ఇరుకు చేయడంలో వాళ్ల వాటా వాళ్లదే, కానీ గుంపు పెరగడానికి మాత్రం పనికిరారు. యాత్రలో ఇలాంటి కుర్రాళ్ల వాటా పెరిగే కొద్దీ గుంపులు పలచబడతాయి.

విశ్వంలో డార్క్ మ్యాటర్ (వెలుగివ్వకుండా గురుత్వంతోనే తెలిసే పదార్థం) నెమ్మదైన జనం, న్యూట్రినోలు ఆ కుర్రాళ్లు. బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు ఒక సెకనుకే మిగతా పదార్థంతో తెగతెంపులు చేసుకుని వేగంగా తిరుగుతున్నాయి. విశ్వం వ్యాకోచిస్తుంటే నెమ్మదించాయి, అయినా 0.05 ఎలక్ట్రాన్ వోల్ట్ న్యూట్రినో ఇవాళ్టికీ సెకనుకి సగటున మూడు వేల కిలోమీటర్ల దగ్గర పరిగెడుతోంది. మామూలు గెలాక్సీ గురుత్వం ఆ వేగాన్ని ఆపలేదు. బరువెక్కువైతే పదార్థంలో వాటి వాటా ఎక్కువ, గుంపులు అంత పలచన. ఎంత పలచనయ్యాయో చూసి బరువు వెనక్కి లెక్కగడతారు.

అంత తేలిక కణం అంతంత గెలాక్సీల్ని ఎలా కదుపుతుంది?

సంఖ్యాబలం. మొదట్నించీ మిగిలిపోయిన న్యూట్రినోలు ప్రతి ఘన సెంటీమీటరులో సగటున 336 ఉంటాయి. తాగే గ్లాసు మంచినీళ్లు పట్టే జాగాలో అరవై వేలకు పైగా. మూడింటి మొత్తం బరువు 0.06 అయితే విశ్వంలోని పదార్థం మొత్తంలో వాటి వాటా అర శాతానికి కాస్త తక్కువ.

వాటా అర శాతమే అయితే గుంపులు తగ్గేది కూడా అర శాతమే కదా? ఎనిమిది రెట్లు అంటారేంటి?

చక్రవడ్డీ. వందకి నెలకి రెండు రూపాయల వడ్డీ ఒకడిస్తాడు, రూపాయి తొంభై తొమ్మిది పైసలు ఇంకొకడిస్తాడు, ఏడాదికి తేడా తెలీదు, మీ తాత పేరు మీద వేసి మీ మనవడు తీసుకుంటే తెలుస్తుంది. గుంపులు పెరగడం కూడా ఉన్నదాని మీద పెరగడమే. పదార్థం రేడియేషన్‌ని మించిన కాలం నుంచి ఇప్పటిదాకా విశ్వం సుమారు 3,400 రెట్లు సాగింది, అంతకాలమూ పెరుగుదల రేటులో ఆ కాస్త కోత పడుతూనే వచ్చింది. దానికి తోడు గుంపుదనాన్ని కొలిచేది సాంద్రత తేడా వర్గంతో కాబట్టి కోత రెట్టింపు. అన్నీ కలిపితే పవర్ స్పెక్ట్రమ్‌లో (ఏ దూరంలో ఎంత గుంపుదనమో చెప్పే లెక్కలో) తగ్గుదల న్యూట్రినోల వాటాకి సుమారు ఎనిమిది రెట్లు. 0.06కి మూడున్నర శాతం, 0.10కి ఆరు శాతం దగ్గర. ఈ రెండు అంకెల మధ్య తేడా పట్టుకోవడం కోసమే ఇన్ని కోట్ల ఖర్చు.

ఆ ఎనిమిది అనేది చిన్న వాటాలకి, గురుత్వం ఇంకా సరళంగా ఉండే దూరాలకి మాత్రమే పనికొచ్చే చిట్కా. దాన్ని పట్టుకుని ఎక్కడపడితే అక్కడ గుణించకండి.

తేడా అన్ని దూరాల్లోనూ ఒకేలా కనిపిస్తుందా?

కనిపించదు, కనిపిస్తే మనకి ఉపయోగమూ లేదు. న్యూట్రినోలు పరిగెత్తి దాటలేనంత పెద్ద దూరాల్లో, అంటే వెయ్యి కోట్ల కాంతి సంవత్సరాల స్థాయిలో, అవీ మామూలు పదార్థంలాగే ప్రవర్తిస్తాయి. అక్కడినుంచి చిన్న దూరాలకి దిగుతుంటే కోత మెల్లగా పెరిగి పదిహేను కోట్ల కాంతి సంవత్సరాల దిగువకొచ్చేసరికి దాదాపు పూర్తిగా పడుతుంది. మెట్టులా కాకుండా ఏటవాలుగా ఉంటుంది. పెద్ద దూరాల్లో ఎంత, చిన్న దూరాల్లో ఎంత అని పోల్చగలగడమే ఇందులోని కిటుకు.

న్యూట్రినోలే డార్క్ మ్యాటర్ అని ఒక పాత పుస్తకంలో చదివాను. నిజమేనా?

ఒకప్పుడు గట్టిగానే అనుకున్నారు. విశ్వం సాంద్రత నుంచి న్యూట్రినో బరువుకి హద్దు వేయొచ్చని 1966లో గెర్ష్‌టైన్, జెల్డోవిచ్ చూపించారు. నాగపూర్‌లో పుట్టిన మన రామనాథ్ కౌశిక్, మెక్‌లెలండ్‌తో కలిసి 1972లో అలాంటి హద్దే వేశారు. 1980 తర్వాత పదుల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల న్యూట్రినో ఉంటే డార్క్ మ్యాటర్ లెక్క తీరిపోతుందని ఆశపడ్డారు. కంప్యూటర్లో నడిపి చూస్తే ముందు బ్రహ్మాండమైన గుంపులు కట్టి, గెలాక్సీలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆకాశంలో కనబడేది అలా లేదు. కొద్ది ఏళ్లలోనే ఆ ఊహ పోయింది. ఇప్పటి కొలత మొత్తం ఆ ఓడిపోయిన ఊహ మీదే నిలబడింది: అప్పుడు అన్నిటినీ తుడిచేస్తోందని వదిలేసిన ప్రభావాన్నే ఇప్పుడు మూడు శాతం స్థాయిలో వెతుకుతున్నారు.

## కొలిచే పని

గెలాక్సీల దూరం ఎలా తెలుస్తుంది? టేపు పెట్టరు కదా!

రంగు జారడం చూసి. గెలాక్సీ వెలుగుని పట్టకంలోంచి పంపితే కొన్ని గీతలు వస్తాయి, అవి ఎరుపు వైపు ఎంత జరిగాయో అదే రెడ్‌షిఫ్ట్. అమెరికాలో అరిజోనాలోని కిట్ పీక్ మీద నాలుగు మీటర్ల మేయాల్ టెలిస్కోపుకి డెసి అనే పరికరం తగిలించారు. అందులో 5,000 ఆప్టికల్ ఫైబర్లు, ఒక్కోదాన్నీ ఒక్కో చిన్న రోబో కదిపి ఒక్కో గెలాక్సీ మీద సరిగ్గా నిలబెడుతుంది. వెనకటికి ఇదే పనికి లోహపు పలకలకి చిల్లులు వేసి చేత్తో ఫైబర్లు గుచ్చేవాళ్లు. 2021 మేలో సర్వే మొదలైంది, మొదటి మూడేళ్ల డేటాలోంచే కోటి నలభై లక్షలకు పైగా గెలాక్సీలు, క్వాజార్ల (దూరాన అతిగా వెలిగే గెలాక్సీ కేంద్రాల) దూరాలు తీశారు.

సరే, గెలాక్సీల పటం వచ్చింది. ‘గుంపుగా ఉన్నాయి’ అనేదాన్ని అంకెలోకి ఎలా తెస్తారు?

జతలు లెక్కపెడతారు. ఇంత దూరంలో ఎన్ని జతల గెలాక్సీలున్నాయి అని ఒక లెక్క, అదే ఆకారంలో గుడ్డిగా చల్లిన చుక్కల్లో ఎన్ని జతలున్నాయి అని ఇంకో లెక్క. మొదటిది రెండోదానికంటే ఎంత ఎక్కువో అదే గుంపుదనం. దాన్నే అలల భాషలోకి మారిస్తే పవర్ స్పెక్ట్రమ్. చెప్పడానికి సులువే, కష్టమంతా ఆ గుడ్డి చుక్కల్లో ఉంది. ఆ రాత్రి మబ్బుందా, ఆ మూల మన పాలపుంత దుమ్ము అడ్డొచ్చిందా, రెండు గెలాక్సీలు పక్కపక్కనే ఉండి ఒకదానికి ఫైబర్ అందలేదా, అన్నీ ఆ చుక్కల్లో కూడా దింపాలి. దింపకపోతే మబ్బు పట్టిన మూలని చూసి విశ్వంలో ఖాళీ ఉందనుకుంటాం.

గెలాక్సీ ఎక్కడుంటే పదార్థం అక్కడ ఉన్నట్టేనా?

కాదు, చాలామంది ఇక్కడే జారిపోతారు. మహేంద్రగిరి మీంచి రాత్రి కిందికి చూశారనుకోండి. దీపాలు దట్టంగా ఉన్నచోట ఊళ్లున్నాయి, నిజమే. కానీ దీపాల లెక్కే జనాభా లెక్క అనుకుంటే కొండ మీది సవర గూడేలు మీ లెక్కలోకే రావు, బజారులో సగం జనమే ఉన్నా రెట్టింపు కనిపిస్తారు. గెలాక్సీలు ఆ దీపాలు. దట్టమైన చోట అతిగా, పలచని చోట తక్కువగా పుడతాయి. ఈ అతిని బయాస్ అంటారు. చిక్కేంటంటే గుంపుదనం మూడు శాతం తగ్గితే అది న్యూట్రినో పనా, లేక ఈ రకం గెలాక్సీల బయాసే ఒకటిన్నర శాతం తక్కువా అన్నది ఒక్క మొత్తాన్ని చూసి చెప్పలేం. అందుకే గురుత్వ కటకం ద్వారా వెలుగు ఎంత వంగిందో కూడా పక్కన పెట్టి చూస్తారు, ఆ వంపుకి దీపంతో పనిలేదు, బరువుతోనే పని.

రెడ్‌షిఫ్ట్‌తో కొలిస్తే దూరం కాస్త తప్పు వస్తుందట కదా?

వస్తుంది. గెలాక్సీకి విశ్వ వ్యాకోచంతో పాటు సొంత నడక కూడా ఉంటుంది. గుంపు వైపు పడుతున్న గెలాక్సీలు పటంలో నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. 1987లో నిక్ కైజర్ దీన్ని లెక్కలోకి తెచ్చాడు. ఇది పొరపాటు అనుకుని దులిపేయరు, ఎంత నొక్కుకుపోయాయో చూసి గుంపులు ఎంత వేగంగా పెరుగుతున్నాయో తీస్తారు, అది బయాస్ చిక్కుముడి విప్పడానికి పనికొస్తుంది.

చిన్న దూరాల్లోనే కదా కోత ఎక్కువ, మరి అక్కడికి వెళ్లకుండా ఎందుకు ఆగిపోతారు?

అక్కడ గురుత్వం ఒక్కటే ఉండదు. గెలాక్సీ మధ్యలో ఉన్న బ్లాక్‌హోల్ వాయువుని బయటికి ఊదేస్తుంది, సూపర్‌నోవాలు ఊదేస్తాయి, దాంతో పదార్థం చెదిరి గుంపు పలచబడుతుంది. న్యూట్రినో చేసేదీ అదే. ఇద్దరు దొంగలు ఒకే చెప్పుల్తో వచ్చినట్టు. ఆ వాయువు లెక్క సిమ్యులేషన్‌కి సిమ్యులేషన్‌కీ మారుతుంది, అలాంటి చోట న్యూట్రినో పేరు చెప్పడానికి జాగ్రత్తపరులు ఎవరూ ముందుకు రారు.

బావో అంటే కూడా ఈ గుంపుల కోతేనా?

వేరు. తొలి విశ్వంలో వేడి ద్రవంలో తిరిగిన శబ్ద తరంగాలు ఆగిపోయినచోట ఒక గుర్తు మిగిలింది, గెలాక్సీల మధ్య దాదాపు 48 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జతలు కాస్త ఎక్కువ దొరుకుతాయి. అది కొలకర్ర. దాంతో విశ్వం ఎప్పుడు ఎంత వేగంగా సాగిందో తెలుస్తుంది. ఒక మాట చాలామందికి తెలీదు, అందుకే ఒత్తి చెబుతున్నా: డెసి పేరు మీద వార్తల్లోకి ఎక్కిన గట్టి హద్దు ప్రధానంగా ఈ కొలకర్ర నుంచి, సీఎంబీ (బిగ్‌బ్యాంగ్ నుంచి మిగిలిన తొలి వెలుగు) నుంచి వచ్చింది, గెలాక్సీల గుంపులు పలచబడటాన్ని నేరుగా చూసి కాదు. న్యూట్రినోలు తొలినాళ్లలో రేడియేషన్ ఖాతాలో, తర్వాత పదార్థం ఖాతాలో పడతాయి కాబట్టి వ్యాకోచం చరిత్ర మీద కూడా వాటి ముద్ర ఉంటుంది.

## అంకె చేతికొచ్చాక

ఇప్పటికి ఎంత తేలింది? ఒక్క ముక్కలో చెప్పండి.

మామూలు లాంబ్డా-సీడీఎమ్ నమూనా (విశ్వ వ్యాకోచానికి వేగం పెంచే డార్క్ ఎనర్జీ కాలంతో మారదనుకునేది) నిజమైతే, మూడూ కలిపి 0.064 ఎలక్ట్రాన్ వోల్ట్ కంటే తక్కువ, 95 శాతం నమ్మకంతో. ఇది 2025 మార్చిలో డెసి రెండో విడత డేటాని సీఎంబీతో కలిపితే వచ్చింది. డార్క్ ఎనర్జీ కాలంతో మారుతుందని ఒప్పుకుంటే అదే డేటా నుంచి హద్దు 0.16కి వెళ్లిపోతుంది. గెలాక్సీలు మారలేదు, టెలిస్కోపు మారలేదు, ఊహ మారితే అంకె రెండున్నర రెట్లయింది. కాబట్టి నా దగ్గరికొచ్చి ‘న్యూట్రినో బరువు ఇంత’ అంటే, ఏ నమూనాలో అని అడుగుతాను, విసుక్కోకండి.

దారి ఎలా నడిచిందో కావాలంటే: 2002లో 2డీఎఫ్ అనే గెలాక్సీ సర్వే నుంచి 1.8, సీఎంబీని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల్లో బావోతో కలిపి 0.12, 2024లో డెసి మొదటి విడతతో 0.072.

బరువు మైనస్‌లో వచ్చిందట! అదేం విడ్డూరం?

గోపాలపూర్‌లో చేపలు కొనేటప్పుడు చూసే ఉంటారు. చేపలు తట్టతో సహా కాటా మీద పెట్టి, ఖాళీ తట్ట బరువు తీసేస్తారు. మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ తట్ట బరువు ఇంత అని నోటితో చెప్పేసేది, ఇంటి దగ్గర మా అమ్మ మళ్లీ తూచేది. ఒకసారి గుప్పెడు చిన్న చేపలే ఉన్నాయి, తట్టేమో తడిసి ఎండింది, ఆవిడ చెప్పిన తట్ట బరువు తీసేస్తే చేపలు సున్నా కంటే తక్కువ వచ్చాయి. చేపలు లేవని కాదు కదా, తట్ట దగ్గర తేడా.

ఇక్కడా అంతే. ఇవాళ్టి మొత్తం పదార్థాన్ని డెసి కాటా తూస్తుంది, న్యూట్రినోలు కాని పదార్థాన్ని సీఎంబీ కాటా తూస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది న్యూట్రినో. డెసి చూపే పదార్థం వాటా 0.30 దగ్గర, ప్లాంక్ చూపేది 0.315 దగ్గర. ఈ చిన్న తేడా వల్ల న్యూట్రినోకి చోటు మిగలట్లేదు, లెక్కలో మైనస్‌ని కూడా ఒప్పుకుంటే అన్నిటికంటే బాగా కుదిరే విలువ మైనస్ వైపు జారుతోంది. మైనస్ బరువు న్యూట్రినో ఉందని ఎవరూ అనట్లేదు. రెండు కాటాల్లో ఒకటి కాస్త పక్కకుందా, డార్క్ ఎనర్జీ మారుతోందా, లేక తొలి నక్షత్రాలు వెలిగాక సీఎంబీ వెలుగు ఎంత చెదిరిందనే అంకె తప్పా అన్నది వాదన. ఆ చెదరడాన్ని టావ్ అంటారు, ప్లాంక్ ప్రకారం 0.054 దగ్గర. అది 0.09 దాకా ఉంటే తొలి గుంపులు మనం అనుకున్నదానికంటే బలమైనవని అర్థం, అప్పుడు న్యూట్రినో కోతకి చోటు దొరుకుతుంది. నా మట్టుకు నాకు కాటాల మీదే అనుమానం.

అయితే ఇన్వర్టెడ్ క్రమం కథ ముగిసినట్టేనా? 0.10 కంటే కిందికి వచ్చేశాం కదా.

ముగియలేదు. 0.064ని అక్షరాలా నమ్మితే ఇన్వర్టెడ్ పోవాలి, కానీ అదే నమ్మకంతో ఇంకాస్త తోస్తే నార్మల్ కూడా పోతుంది, అప్పుడు మిగిలేదేమీ లేదు! రెండు దారులూ మూసేస్తున్న అంకె చూసి ఒకదాన్నే మూసిందని చెప్పడం సరికాదు. క్రమాన్ని విశ్వంతో పనిలేకుండా తేల్చడానికి దక్షిణ చైనాలో 20,000 టన్నుల ద్రవంతో కట్టిన జూనో అనే న్యూట్రినో ప్రయోగం 2025 ఆగస్టులో డేటా తీయడం మొదలుపెట్టింది.

‘న్యూట్రినో బరువు కనుక్కున్నారు’ అని పేపర్లో వచ్చింది మాస్టారూ.

హద్దు వేశారు. ఇంత కంటే ఎక్కువ లేదు అని. జేబులో వంద కంటే ఎక్కువ లేవంటే వంద ఉన్నట్టు కాదు.

## మనమూ చేయాలంటే

మా కాలేజీలో టెలిస్కోపు లేదు. దీని మీద ప్రాజెక్టు చేయగలమా?

టెలిస్కోపు అక్కర్లేదు, నెట్ ఉంటే చాలు. స్లోన్ అనే గెలాక్సీ సర్వే డేటా ఎప్పటినుంచో ఉచితం, డెసి మొదటి విడత డేటా కూడా 2025 మార్చిలో అందరికీ తెరిచారు. పవర్ స్పెక్ట్రమ్ లెక్కగట్టడానికి క్లాస్ అనే ఉచిత కోడ్ ఉంది, పైథాన్‌లోంచి పిలవొచ్చు, మామూలు ల్యాప్‌టాప్‌లో క్షణాల్లో నడుస్తుంది.

నేను పడ్డ గోతిలో మీరు పడకండి. నేను మొదటిసారి 0.06 న్యూట్రినో వేసి నడిపితే వచ్చిన వంపు ఏ పుస్తకంలోని బొమ్మతోనూ కుదరలేదు. పెద్ద దూరాల్లో కూడా కదిలిపోయింది. మూడు రాత్రులు చూశా, అందులో ఒక రాత్రి కాలబైశాఖి గాలికి కరెంటు పోయి సగం పోయింది. నాలుగో రోజు సోంపేట కుర్రాడొకడు నా భుజం మీంచి చూసి ‘మీ విశ్వంలో న్యూట్రినోలు నాలుగున్నాయండీ’ అన్నాడు. నిజమే. కోడ్‌లో బరువు లేని న్యూట్రినోల సంఖ్య మామూలుగా 3.044 ఉంటుంది. ఒకదానికి బరువిచ్చి పక్కన చేర్చినప్పుడు దాన్ని 2.03కి తగ్గించాలి. నేను తగ్గించలేదు, మూడు పాతవి, ఒక కొత్తది! రెండో జాగ్రత్త: న్యూట్రినోలకిచ్చిన వాటా డార్క్ మ్యాటర్‌లోంచి తీసేయండి, తీయకపోతే మొత్తం పదార్థం పెరిగి వంపంతా పక్కకి జరుగుతుంది. ఈ రెండూ సరిచేసి, బరువున్న విశ్వాన్ని బరువు లేని విశ్వంతో భాగించి గీస్తే ఆ ఏటవాలు మీ కళ్లముందే కనిపిస్తుంది. 0.06, 0.10, 0.3 మూడూ ఒకే బొమ్మలో గీయండి.

మన దేశంలో న్యూట్రినో అబ్జర్వేటరీ కడితే ఈ బరువు తేలేదా?

తమిళనాడులో తేని దగ్గర కొండ కింద తలపెట్టినది ముఖ్యంగా క్రమం తేల్చడానికి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలతో. మొత్తం బరువు దాని పని కాదు. అభ్యంతరాలు, అనుమతుల మధ్య ఆ పని ఆగిపోయింది. మనకి ఈ రంగం కొత్త మాత్రం కాదు, 1965లో కోలార్ బంగారు గనుల అడుగున మన వాళ్లు జపాన్, బ్రిటన్ వాళ్లతో కలిసి వాతావరణ న్యూట్రినోల్ని పట్టుకున్నారు. ఆ గనుల్లో తెలుగు వాళ్లు బోలెడుమంది పనిచేశారు.

ఇంతకీ ఎప్పటికి తేలుతుంది?

2023 జులైలో ఎగిరిన యూక్లిడ్ ఉపగ్రహం గెలాక్సీల గుంపుల్నీ, కటకం వంపునీ రెండింటినీ ఒకే కంటితో చూస్తోంది. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు చూపించింది. డెసి ఇంకా నడుస్తోంది. వీటన్నిటినీ సీఎంబీతో కలిపితే పొరపాటు 0.02 దగ్గరికి దిగుతుందని అంచనాలు, అంటే నిజంగా 0.06 ఉంటే హద్దు స్థానంలో మొదటిసారి కొలత వస్తుంది. కానీ టావ్ సరిగ్గా తెలియకపోతే అక్కడిదాకా దిగలేం, దాన్ని బాగా కొలవాలంటే సీఎంబీ ధ్రువణాన్ని ఆకాశమంతా మళ్లీ చూడాలి. సోంపేట కుర్రాడు పీహెచ్‌డీకి ఆ టావ్ మీదే అప్లై చేశాడు.